ఉచ్చారణలో తప్పెవరిది?

ఒకరి నోట పుట్టిన మాట మరొకరి చెవిని చేరేసరికి ఎంతో కొంత మారక తప్పదు. ఒకే భాష మాట్లాడేవారి నడుమనే ఇది తప్పనప్పుడు, సముద్రాలకు ఆవలా ఈవలా ఉన్న భాషల నడుమ ఎంత మార్పు జరుగుతుందో ఊహించుకోవచ్చును. జపానువారు ఇంగ్లీషు మాట్లాడితే రకారానికీ లకారానికీ తేడా ఉండదని ఇంగ్లీషువారు పరిహాసం చేయడం చిరకాలంగా ఉన్నదే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెవారు "చూడు" అనవలసిన చోట "సూడు" అంటారనీ, "వాడు" అనక "ఆడు" అంటారనీ తక్కిన ఆంధ్రులు నవ్వడమూ అటువంటిదే. నాటకాలలో, చలనచిత్రాలలో హాస్యపాత్రకు ఈ మాట తీరు అప్పగించడం ఒక ఆచారమైపోయింది. ఈ రెండు నవ్వులూ ఒకే తల్లి బిడ్డలు. ఎదుటివాని నోరు చేతకానిదనీ, మన చెవి మాత్రం నిర్దుష్టమైనదనీ అనుకోవడమే ఆ తల్లి. ఈ నమ్మకంలో నిజమెంతో కొంచెం పరిశీలించి చూద్దాం.

2004 డిసెంబరు 26వ తేదీన సముద్రం పొంగి బంగాళాఖాతపు తీరాన్ని ముంచెత్తిన తరువాత ఒక జపాను మాట మన పల్లెల్లో కూడా నిలిచిపోయింది. పత్రికలన్నీ దానిని "సునామీ" అని అచ్చువేశాయి. జపాను భాషలో ఆ మాటకు రేవు, అల అనే రెండు పదాలు మూలం. అయితే జపానువారు పలికే మొదటి అక్షరం "సు" కాదు. మనం "చుట్ట", "చుక్క", "చుట్టం" అన్నప్పుడు నాలుక కొన పళ్ళకు తగిలి ఏ ధ్వని పుడుతుందో అదే వారి మాటకు మొదటి అక్షరం. మన వ్యాకర్తలు దానిని దంత్య చకారమన్నారు. బ్రౌను దొర 1852లో వెలువడిన తన నిఘంటువులో తాలవ్య చకారం నుంచి వేరు చేసి చూపడానికి దాని నెత్తిన ఒక గుర్తు ఉంచి "ౘ" అని వ్రాయించినాడు. కనుక ఆ జపాను మాటను ఉన్నదున్నట్లు "ౘునామి" అని పలకడానికి తెలుగు నాలుకకు ఏ శిక్షణా అవసరం లేదు.

మరి మనం "సునామీ" అని ఎందుకన్నాము? ఆ మాట మనకు జపాను నుంచి తిన్నగా రాలేదు. ఇంగ్లీషు మీదుగా వచ్చింది. ఇంగ్లీషులో ఈ ధ్వని పదం చివర వస్తుంది గాని స్వతస్సిద్ధంగా పదం మొదట రాదు. అందుచేత ఇంగ్లీషువాడు మొదటి తకారపు స్పర్శను విడిచిపెట్టి ఒట్టి సకారంతో సరిపెట్టుకొన్నాడు. అతని నోటికి కుదిరిన రూపాన్నే మనం ప్రామాణికమని స్వీకరించాము. ఇప్పుడు శ్రీకాకుళం రైతు "చూడు" అనే మాటను ఏమి చేస్తున్నాడో గమనించండి. అతడూ దంత్య చకారంలోని తకారపు స్పర్శను సడలించి "సూడు" అంటున్నాడు. "చేను" అతని నోట "సేను", "చెప్పు" అతని నోట "సెప్పు" అవుతున్నది. ఇంగ్లీషువాడు జపాను మాటకు చేసినదీ, కళింగాంధ్ర రైతు తెలుగు మాటకు చేసినదీ ధ్వనిశాస్త్రం దృష్టిలో ఒకే పని. మొదటిదానిని పెద్ద అక్షరాలతో అచ్చు వేసినాము. రెండవదానిని చూసి నవ్వుకొంటున్నాము.

వకారం సంగతీ ఇంతే. "వెళ్తాను" అనేదానిని "ఎల్తాను" అనడం, "విన్నాను" అనేదానిని "ఇన్నాను" అనడం నోటి సోమరితనమని కొందరి అభిప్రాయం. జపాను భాషలో పూర్వం "వి", "వె" అనే అక్షరాలు వేరుగా ఉండేవి. కాలక్రమాన వాటిలోని వకారం జారిపోయి ఒట్టి "ఇ", "ఎ" లు మిగిలాయి. 1946లో జరిగిన లిపి సంస్కరణలో ఆ పాత అక్షరాలను సామాన్యమైన వ్రాత నుంచి తొలగించారు. నేడు జపానులో అకారానికి ముందు తప్ప వకారం నిలవలేదు. ఇంగ్లీషువారి సంగతి చూస్తే, "ఆన్సరు" అనే మాటను వ్రాసేటప్పుడు వకారపు అక్షరం ఉంటుంది, పలికేటప్పుడు ఉండదు. కత్తి, రెండు, ఎవరు అనే అర్థాలు గల వారి మాటలలోనూ అదే తీరు. రెండు మహాభాషలలో జరిగిన మార్పే మన నాగావళీ తీరంలో జరిగితే దానికి మోటుతనమని పేరు పెట్టడం న్యాయం కాదు గదా!

తెలుగునకూ జపాను భాషకూ మరొక పోలిక ఉన్నది. రెండూ పదాన్ని అచ్చుతో ముగించడానికి ఇష్టపడే భాషలు. తెలుగు అజంత భాష అని మనం గర్వంగా చెప్పుకొంటాము. ఆ గుణం పరాయి మాటల మీద ఎట్లా పనిచేస్తుందో మాత్రం అంతగా గమనించము. ఇంగ్లీషువాడు హల్లుతో ఆపివేసిన మాటకు మనం ఉకారం చేర్చి "బస్సు" అన్నాము; జపానువారు "బసు" అన్నారు. మన "పోస్టు" వారికి "పొసుతొ". మన "హోటలు" వారికి "హొతెరు". మన "టేబులు" వారికి "తేబురు". సంయుక్తాక్షరాలు వస్తే వారు నడుమ ఒక అచ్చును దూరుస్తారు. గాజు పాత్రను వారు "గురసు" అంటారు; మన పల్లెల్లో "గలాసు" అంటారు. బడిని "ఇస్కూలు" అనే మన పల్లెవాడు అచ్చును నడుమ కాక ముందు పెట్టినాడు, అంతే భేదం. రెండు సమాజాలు ఒకదానినొకటి ఎరుగకుండానే ఒకే చిక్కుకు ఒకే మందు కనిపెట్టాయి. భాషకు తనదైన ఒక నిర్మాణం ఉంటుందనీ, పరాయి మాట దానిలో కాపురముండాలంటే ఆ నిర్మాణానికి లోబడవలసిందేననీ ఇందువల్ల తెలుస్తున్నది.

కాఫీ అనే మాట చరిత్ర మరీ ముచ్చటైనది. ఇంగ్లీషు ఫకారాన్ని పలకడానికి కింది పెదవి పై పళ్ళకు తగలాలి. అచ్చ తెలుగులో ఆ ధ్వని లేదు. అందువల్ల మన పల్లెలోని అంగడిలో "కాపీ" అంటారు. కొరియా భాషలోనూ ఆ ధ్వని లేదు. వారు ఒత్తి పలికే పకారంతో "కొపి" అన్నట్లు పలుకుతారు. జపానువారు ఫకారాన్ని హకారంగా సడలించి "కోహీ" అంటారు. చైనావారికి మాత్రం ఫకారం ఉన్నది గనుక "కాఫెయ్" అనగలిగారు. ఆమదాలవలస రైలు స్టేషనులో కాపీ అడిగే రైతుకు సియోల్ నగరంలో తోడున్నదన్నమాట.

ఇక చైనా భాష సంగతి. ఆ భాషలో ఒకే అక్షరాన్ని నాలుగు స్వరాలతో పలికితే నాలుగు అర్థాలు వస్తాయి. "మా" అనే అక్షరం పలికే తీరును బట్టి తల్లి, జనుము వంటి నారమొక్క, గుర్రం, తిట్టు అని వేర్వేరు అర్థాలనిస్తుంది. ఇది మనకూ కొత్తే, ఇంగ్లీషువారికీ కొత్తే. కాని హల్లుల విషయంలో చైనా భాష ఇంగ్లీషు కంటె మన వర్ణమాలకు దగ్గర. క-ఖ, త-థ, ప-ఫ అని మనవారు అల్పప్రాణ మహాప్రాణ భేదాన్ని పాటించారు. చైనావారికి ఈ భేదమే ప్రాణం. ఇంగ్లీషులోనూ ఒత్తి పలకడం ఉన్నది గాని, దానివల్ల అర్థం మారదు. పదం మొదటి ప, ట, క లను ఇంగ్లీషువాడు తనకు తెలియకుండానే ఊపిరి ఒత్తి పలుకుతాడు. ఊపిరి ఒత్తని పకారం వినిపిస్తే అతని చెవికి అది బకారంలాగా తోస్తుంది.

1958లో చైనా ప్రభుత్వం తన భాషను రోమను లిపిలో వ్రాయడానికి ఒక పద్ధతిని ఆమోదించింది. అందులో ఊపిరి ఒత్తని పకారానికి రోమను లిపిలోని బకారాన్ని, ఊపిరి ఒత్తని తకారానికి దకారాన్ని వాడుకొన్నారు. దానిని ఇంగ్లీషు తీరున చదివి మనం వారి రాజధానిని "బీజింగ్" అంటున్నాము. ఆ పేరులోని మొదటి ధ్వని నిజానికి మన "పెరుగు"లోని పకారానికి చాల దగ్గర. వారి ప్రాచీన తత్త్వవేత్తలు "మార్గం" అనే అర్థంలో వాడిన సుప్రసిద్ధమైన మాటను కొందరు టకారంతోను, కొందరు దకారంతోను తెలుగులో వ్రాస్తూ తికమక పడుతుంటారు. మన తకారంతో "తావ్" అని వ్రాస్తే తగవు తీరిపోతుంది. చేతిలో దీపం ఉండగా పొరుగింటి దివ్వె వెలుగులో దారి వెదుకుకోవడం మనకు అలవాటైపోయింది.

ఈ వర్ణమాల మన దేశపు ఎల్లలలోనే ఉండిపోలేదు. బౌద్ధభిక్షువులు సంస్కృతాన్ని అభ్యసించిన చోటికల్లా అక్షరాలను ఉత్పత్తి స్థానాన్ని బట్టి వరుసపెట్టే పద్ధతీ వెళ్ళింది. జపానువారి అక్షరమాల నేటికీ "అ, ఇ, ఉ, ఎ, ఒ" అని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అనే వరుసలో నడుస్తుంది. ఆ క్రమం సంస్కృత వర్ణక్రమాన్ని అనుసరించినదే. కొరియా రాజు సెజోంగ్ 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన లిపిలో నాలుక, పెదవి, కంఠం ఉండే తీరే హల్లుల ఆకారాలకు ఆధారం. ఏడవ శతాబ్దిలో చైనా యాత్రికుడు హ్యుయెన్‌త్సాంగు కళింగదేశం మీదుగా ఆంధ్రదేశానికి వచ్చినప్పుడు మన దేశం పేరును తన లిపిలో వ్రాసుకొన్నాడు. చైనా భాషలో ఆనాడు మన రకారానికి సరియైన ధ్వని లేదు గనుక లకారంతో సరిపెట్టుకొన్నాడు. ఆ అక్షరాలను నేడు చైనావారు "అన్‌తాలువొ" అన్నట్లు చదువుతారు. అంతటి పండితుడు మన పేరును తప్పు పలికినాడని ఎవరమైనా అనగలమా?

మన ఊళ్ళ పేర్లను ఇంగ్లీషువారు చేసిన మార్పులు వేరొక కోవకు చెందినవి. శ్రీకాకుళాన్ని "చికాకోల్" అన్నారు. భీమునిపట్నం "బిమ్లీపటం" అయింది. విశాఖపట్నం "వైజాగపటం" అయింది. విజయనగరంలోని జకారాన్ని జెడ్ అక్షరంతో వ్రాసి మధ్య అకారాన్ని మింగివేశారు. భీమునిలో మహాప్రాణం పోయింది. విశాఖలో ఖకారం గకారమైంది. పట్నంలోని సంయుక్తాక్షరం వారి నోట నిలవలేదు. పరాయి నోటికి ఇది సహజమే. విచిత్రమేమంటే, పాలకులు పోయిన తరువాత కూడా మనం "వైజాగు" అని ముద్దుగా అనుకొంటూనే ఉన్నాము. పాలకుడు తప్పు పలికితే అది నాగరికమైన పేరవుతుంది. పాలితుడు తప్పు పలికితే అది యాస అవుతుంది. ఉచ్చారణను గురించిన తీర్పులలో ధ్వనిశాస్త్రం పాలు తక్కువ, అధికారం పాలు ఎక్కువ.

అయితే ఒక భాషవారు మరొక భాష ధ్వనులను నిజంగా వినలేరా, లేక వినీ పలకలేరా అనే ప్రశ్న మిగులుతున్నది. దీనికి శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానం మనకు ప్రత్యేకంగా ఆసక్తికరమైనది. ఎందుకంటే వారు పరీక్షకు పెట్టిన ధ్వనులలో మన త-ట లు ఉన్నాయి. కెనడా దేశంలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనేవారు 1984లో ప్రకటించిన పరిశోధనలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీలోని దంత్య తకారాన్నీ మూర్ధన్య టకారాన్నీ వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల శిశువులు ఆ తేడాను చక్కగా గుర్తించారు. పది పన్నెండు నెలల వయస్సు వచ్చేసరికి ఆ గుర్తింపు దాదాపు పోయింది. ప్యాట్రీషియా కూల్ మొదలైనవారు జపాను శిశువులలో ర-ల ల విషయమై జరిపిన పరీక్షలలోనూ ఏడాది నిండేలోపున ఇటువంటి మార్పే కనిపించింది.

అంటే శిశువు అన్ని భాషలకూ తెరిచిన చెవులతో పుట్టి, తల్లి భాషకు అక్కరలేని భేదాలను ఒక్కొక్కటిగా విడిచిపెడుతున్నాడు. ఇది లోపం కాదు. తల్లి భాషను నేర్చుకోవడంలో ఒక భాగం. జపానువానికి ర-ల లు ఒకటిగా వినిపిస్తే, ఇంగ్లీషువానికి మన "కలలు", "కళలు" ఒకటిగా వినిపిస్తాయి. ఇంగ్లీషువారు పెదవులు గుండ్రంగా చేసి పలికే వకారాన్నీ, పళ్ళు ఆనించి పలికే వకారాన్నీ మనం ఒకే అక్షరంతో సరిపెట్టుకొని రెండింటినీ ఒకటిగానే వింటాము. ప్రతి చెవీ ఏదో ఒకచోట చెముడే. ఈ సంగతి గ్రహించిన వానికి ఎదుటివాని నోటిని చూసి నవ్వడానికి నోరు రాదు.

ఈ సత్యాన్ని శాస్త్రజ్ఞుల పరీక్షలకు ఎంతో ముందే ఆచరణలో చూపినవారు కళింగాంధ్రలోనే ఉన్నారు. వారు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863 ఆగస్టు 29వ తేదీన వంశధారా తీరాన, శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. విజయనగరంలో చదువుకొని 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని ఆంధ్రులందరూ ఎరుగుదురు. వారి పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. కాని ఆ ఉద్యమానికి వెనుక సవర కొండలలో ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన ఒక చెవి ఉన్నదని గుర్తుచేసుకొనేవారు తక్కువ.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో ఉండే సవరలు తమను తాము "సొర" అని చెప్పుకొంటారు. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రులనూ శబరులనూ ఒకే వరుసలో పేర్కొన్నది. అంత పాత పొరుగువారు వారు. అయినా వారి భాష తెలుగు కుటుంబంలోనిది కాదు, ఒడియా కుటుంబంలోనిదీ కాదు. అది ముండా భాష. ముండా భాషలు ఆస్ట్రో-ఆసియాటిక్ అనే మహాకుటుంబంలో ఒక శాఖ. కంబోడియాలోని ఖ్మేరు, బర్మాలోని మోను, వియత్నాం దేశపు భాష, అన్నీ ఆ కుటుంబంలోనివే. సంతాలీలో కంటిని "మెత్" అంటే వియత్నాంలో "మత్" అంటారు. శ్రీకాకుళపు కొండల మీద ఆగ్నేయాసియా బంధువు ఒకరు వేల ఏళ్ళుగా మన పొరుగున కాపురమున్నారన్నమాట. లెక్కపెట్టడంలోనూ వారి దారి వేరు. పదమూడు అనడానికి పన్నెండు మీద ఒకటి అంటారు. ఆపైన ఇరవైలతో లెక్క నడుపుతారు.

పంతులుగారు సవర భాష తెలిసిన ఒకరిని ఇంట పెట్టుకొని నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు వారికి ఎదురైన పెద్ద చిక్కు పదాంతంలోని హల్లు. సవరలో పదం చివర వచ్చే బకారం, డకారం, గకారం వంటి హల్లులను గొంతు బిగించి నోటిలోనే ఆపివేస్తారు. ఊపిరిని బయటికి వదలరు. పెదవులో నాలుకో మూసుకొంటుంది గాని తిరిగి తెరుచుకొన్న చప్పుడు వినిపించదు. కొరియా, థాయి, వియత్నాం భాషలలోనూ, చైనాలోని కాంటనీస్ భాషలోనూ పదాంతపు స్పర్శాలు ఇటువలెనే వదలకుండా ఆగిపోతాయి. బర్మా భాషలోనైతే ఆ స్పర్శాలన్నీ కలిసిపోయి గొంతులోని ఒక్క బిగింపుగా మిగిలాయి. ఇంగ్లీషువాడు అటువంటి పదం వింటే చివరి హల్లు లేదనుకొంటాడు, లేదా దానిని గట్టిగా విడిచి పలుకుతాడు. తెలుగువాడు దానికొక ఉకారం తగిలిస్తాడు. రెండు విధాలా సవర మాట చెడిపోతుంది.

తెలుగు లిపిలో పొల్లు ఉన్నది గదా, దానితో వ్రాస్తే సరిపోదా అని అడగవచ్చును. పొల్లు అచ్చు లేదని చెబుతుంది గాని, గొంతు బిగించమని చెప్పదు. సవరలో అచ్చుల భేదాలు కూడా తెలుగు గుణింతానికి పూర్తిగా లొంగవు. అందుచేత పంతులుగారు అంతర్జాతీయ ధ్వనిలిపి పద్ధతిని అభ్యసించి, దాని సాయంతో ప్రతి ధ్వనికీ గుర్తు ఏర్పరచి సవర వ్యాకరణం రచించారు. దానిని మద్రాసు ప్రభుత్వంవారు 1931లో ప్రకటించారు. నిఘంటువులు ఆ తరువాత వెలువడ్డాయి. వారి కుమారుడు శ్రీ సీతాపతిగారు ఆ కృషిని కొనసాగించారు. పుస్తకాలతోనే పంతులుగారు తృప్తిపడలేదు. సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసి, సొంత డబ్బుతో బళ్ళు నడిపారు.

దీనికి వారు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. మన్యంలో తిరిగినందుకు మలేరియా పట్టుకొన్నది. దానికి వాడిన క్వినైను వల్ల చెముడు వచ్చి జీవితాంతం వదలలేదు. గొంతు బిగింపులోని సన్నని భేదాన్ని పట్టుకొన్న ఆ చెవులే మూసుకుపోయాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరిపోయినప్పుడు నిరసనగా ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. 1940 జనవరి 22వ తేదీన కన్నుమూశారు.

వ్యావహారిక భాషావాదానికీ ఈ సవర కృషికీ సంబంధమేమిటని అడిగేవారున్నారు. సంబంధం గాఢమైనదే. వ్రాత లేని భాషను నేర్చుకొనేవానికి పుస్తకం సాక్ష్యం దొరకదు. మాట్లాడే మనిషే ప్రమాణం. "ఇట్లా పలకాలి" అని సవరకు చెప్పే అధికారం పండితునికి లేదు; "ఇట్లా పలుకుతున్నాడు" అని వినడమే అతని పని. ఈ వినయాన్ని కొండ మీద అభ్యసించినవాడు మైదానానికి దిగివచ్చి తెలుగు వినేటప్పుడు కూడా దానిని విడువలేదు. శిష్టులు మాట్లాడే మాట ఒకటి, వ్రాసే మాట ఒకటి ఎందుకుండాలని అడిగినారు. విజయనగరంలో వారి బాల్యమిత్రుడు గురజాడ అప్పారావుగారు "కన్యాశుల్కం"లో మనుషుల నోటి మాటను రంగస్థలం మీద నిలబెట్టడం ఇదే వినికిడికి మరొక ఫలం.

పదాంతపు చిన్న బిగింపు కోసం ఇంత శ్రమ అవసరమా అని సందేహించేవారు వియత్నాం భాష చరిత్ర చూడాలి. ఆ భాషలో నేడున్న స్వరభేదాలు ఆదిలో లేవనీ, పదాంతంలోని కంఠస్పర్శాలు, ఊష్మధ్వనులు నశించినప్పుడు వాటి జాడలే స్వరాలుగా మిగిలాయనీ ఫ్రెంచి పండితుడు ఓద్రికూర్ 1954లో నిరూపించాడు. తీసివేయదగినదని తోచిన ఒక చిన్న చప్పుడు ఒక మహాభాష స్వరూపాన్నే మార్చివేసింది. భాషలో చిల్లర ధ్వని అంటూ ఏదీ లేదు.

తూర్పు దేశాల భాషలతో మన ప్రాంతపు సామాన్యులకు మరొక దారిలోనూ పరిచయం కలిగింది. పూర్వం విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి కూలికోసం వేలకు వేలు బర్మాకు ఓడలెక్కేవారు. వారి నోట రంగూను "రంగం" అయింది. ఆ నగరం పేరును బర్మీయులు రకారపు అక్షరంతో వ్రాస్తారు గాని యకారంగా పలుకుతారు. ఒకప్పటి రకారం వారి భాషలో యకారంగా మారిపోయింది, అరకాను ప్రాంతంలో మాత్రం నిలిచింది. 1989లో అక్కడి ప్రభుత్వం ఇంగ్లీషులో కూడా ఆ పేరును "యాంగాన్" అని మార్చింది. "రంగం" పోయినవారిలో 1942 యుద్ధకాలంలో అడవుల వెంట నడిచి వచ్చినవారున్నారు, 1960ల తరువాత తిరిగివచ్చినవారున్నారు. చదువురాని ఆ కూలీలు స్వరాల భాషను బజారులో విని నేర్చుకొన్నారు. అవసరమూ అభిమానమూ ఉంటే పెద్దవాని చెవి కూడా కొంత తెరుచుకొంటుందనడానికి వారే తార్కాణం.

ఈ చర్చ అంతా పండితుల వినోదం కోసం కాదు. సీతంపేట మన్యం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. అక్కడి సవర పిల్లవాడు ఇంట ఒక భాష, బడిలో రెండవ భాష, పుస్తకంలో మూడవ భాష వింటున్నాడు. అతని పదాంతపు బిగింపు తెలుగు ఉపాధ్యాయునికి నత్తిలాగా వినిపిస్తుంది. తెలుగు ఉకారం చేర్చి పలికిన ఇంగ్లీషు మాట మరొకరికి మోటుగా వినిపిస్తుంది. ఒకే పిల్లవాడు రెండుసార్లు తప్పుపట్టబడుతున్నాడు. తప్పుపట్టించుకొన్న పిల్లవాడు నోరు మూసుకొంటాడు. నోరు మూసుకొన్న పిల్లవాడికి చదువు రాదు. మైదానంలో "సూడు" అనే పిల్లవాని గతీ దీనికి చాల దూరం కాదు.

2003-04 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్ర రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషలలో తొలి తరగతుల బోధన ఆరంభించారు. వాటిలో సవర ఒకటి. ఆ వాచకాలకు తెలుగు లిపినే వాడుకొన్నారు. ఒరిస్సా వైపు కొండలలో మాంగై గొమాంగో 1936లో రూపొందించిన "సొరాంగ్ సొంపెంగ్" అనే ప్రత్యేక లిపి ఉన్నది. ఏ లిపి మంచిదన్నది సవరలు తేల్చుకోవలసిన విషయం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ భాష మాతృభాషగా గలవారు సుమారు నాలుగు లక్షల మంది. బడికి కావలసినది మాత్రం స్పష్టం. బోధించేవాడు ముందు వినడం నేర్చుకోవాలి. తన నోటికి లేని ధ్వని పిల్లవాని నోట వినిపిస్తే దానిని దోషమని దిద్దక, ఆ ధ్వని ఏ స్థానంలో పుడుతున్నదో గమనించాలి. పిల్లవానికి కొత్త ధ్వని నేర్పవలసి వస్తే, పాతదాన్ని మరచిపొమ్మనక, ఈ రెండూ వేరువేరని చూపాలి. తెలుగు గాని ఇంగ్లీషు గాని ప్రామాణికంగా నేర్పవద్దని ఎవరూ అనరు. ఇంటి మాటను అవమానించి బడి మాటను నేర్పనక్కరలేదని మాత్రమే పంతులుగారు చేసి చూపినారు.

మన శిక్షణ కళాశాలలలో ఉపాధ్యాయులకు ఎన్నో విషయాలు బోధిస్తున్నారు. వాటి నడుమ వారానికి ఒక గంట ధ్వనిశాస్త్రానికి కేటాయించి, కళింగాంధ్రలో పనిచేయబోయేవారికి సవర పదాంతాలనూ, పల్లె తెలుగులోని సకార వకారాల తీరునూ వినిపిస్తే ఖర్చు పెద్దగా కాదు. పంతులుగారి పుట్టినరోజున పూలమాలలు వేసే సంస్థలు ఈ పనికి పూనుకొంటే, ఆ మాలల కంటె ఎక్కువ కాలం నిలిచే గౌరవం వారికి చేసినట్లవుతుంది.